పాచి చేప పస్తు

తెలుగునాట కృష్ణయజుర్వేదుల ఇళ్ళలో ఎక్కువమందిది ఆపస్తంబ సూత్రం. మాదీ అంతే. రోజూ ప్రవరలో ఆ ఋషి పేరు చెప్పుకుంటాం గానీ, ఆయన ధర్మసూత్రం తెరిచి చూసేవాళ్ళు తక్కువ. అందులో రెండో ప్రశ్నలో అతిథిపూజ గురించి చెబుతూ ఆయన ఒక హద్దు గీస్తాడు. అన్నం చాలనప్పుడు గృహస్థు తన కడుపు మాడ్చుకోవచ్చు, భార్యకో కొడుకుకో తగ్గించవచ్చు. తనకు పనిచేసి పెట్టే దాసుడికి మాత్రం తగ్గించకూడదు.

మా మనవరాలి గాజు తొట్టి అడుగున అతుక్కుని ఉండే సక్కర్ చేపను చూసినప్పుడల్లా నాకు ఆ నియమమే గుర్తొస్తుంది. ఆ చేపను అందానికి కొనేవాళ్ళు అరుదు. గప్పీలనూ గోల్డ్‌ఫిష్‌నూ ముచ్చటపడి ఏరుకుని, చివర్లో “పాచి తినడానికి ఒకటి వేయండి” అంటారు. “దీనికి వేరే మేత అక్కర్లేదండీ” అంటూ దుకాణంవాడు సంచిలో వేసి ఇస్తాడు. పనిమనిషిని పెట్టుకుని, ఊడ్చిన చెత్తలో దొరికింది తినమన్నట్టుంటుంది ఈ మాట.

ఈ చేపది దక్షిణ అమెరికా. అమెజాన్, ఒరినోకో నదుల వైపు లొరికారిడే అనే జెల్లల కుటుంబం ఉంది. ఒంటిమీద ఎముక పలకలు, కిందివైపు గుండ్రటి నోరు. ఆ నోటితో రాయినో మానునో పట్టుకుని, వరదకు కొట్టుకుపోకుండా పాకుడు గీరుకుంటుంది. పేగు చాలా పొడుగు, చుట్టలు చుట్టుకుని ఉంటుంది. పాకుడులో సారం తక్కువ కనుక కొంచెం కొంచెంగా రాత్రంతా మేయాల్సిందే. నదిలో ఒక రాయి మీద పాకుడు అయిపోతే ఇంకో రాయికి పోతుంది. తొట్టిలో ఎక్కడికి పోతుంది? అద్దాలు తళతళలాడుతున్నాయని మనం సంతోషించే రోజునే దానికి పస్తులు మొదలవుతాయి. పొట్ట లోపలికి పోతుంది, కళ్ళు గుంటలు పడతాయి. ఆకలికి ఆగలేక పక్క చేపల ఒంటి జిగురును గీరడమూ ఉంది. అప్పుడు దాన్ని చెడ్డ చేప అంటారు!

మా ఇంట్లో ఉన్నది ముక్కు మీద కుచ్చులా మొలకలుండే చిన్నరకం. రాత్రి తొట్టిలో దీపం ఆర్పాక, కీరదోస చక్రాన్ని వేడినీళ్ళలో కాసేపు ఉంచి, చల్లార్చి, రాయికి కట్టి అడుగుకు దించుతాను. ఒకరోజు పాలకూర, ఒకరోజు తొక్క తీసిన బఠాణీ. నీళ్ళలో మునిగే పాచి బిళ్ళలూ దుకాణంలో దొరుకుతాయి. తెల్లారేసరికి మిగిలింది తీసేయాలి, లేకపోతే నీళ్ళు చెడతాయి. పగలు దాక్కోవడానికి మట్టిగొట్టం, గీరుకోవడానికి మాను ముక్క ఉండాలి. నీళ్ళు 22 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే దానికి సుఖం. మన ఎండాకాలంలో నీళ్ళు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గిపోతుంది, గాలి పంపు ఆపకూడదు.

“సూత్రకారుడు మనుషుల సంగతి చెబితే చేపకు అంటగడతావేం మావయ్యా?” అని మా మేనల్లుడు వాదించాడు. మనుషులను దాసులుగా ఉంచుకున్న కాలపు నియమం అది. ఆ దాస్యాన్ని నేను సమర్థించను, కారణం మాత్రం తీసుకుంటాను. భార్యాబిడ్డలు అడగగలరు, అలగగలరు. పరుల చేతికింద బతికేవాడికి ఆ దారి లేదు. ఎవరు ఎంత పరాధీనులో వాళ్ళకు అంత ముందు పెట్టాలని నాకు అర్థమైంది. భూతయజ్ఞమని కాకికి మెతుకులు పెడతాం, మంచిదే. మనం పెట్టకపోతే కాకి ఇంకో పెరటికి ఎగిరిపోగలదు. అద్దాల మధ్య చేపకు మనం తప్ప దిక్కులేదు.

జైనులు ఇంకా నిక్కచ్చిగా చెప్పారు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం ఏడో అధ్యాయంలో గృహస్థు అహింసావ్రతానికి పట్టే దోషాలు ఐదు: కట్టేయడం, కొట్టడం, అవయవాలు కోయడం, మోయలేని బరువు వేయడం, తిండీ నీళ్ళూ ఆపడం. అన్నీ ప్రాణం తీయకుండానే చేసే హింసలు. పాచి చేప విషయంలో మొదటిదీ చివరిదీ కలిసే వస్తాయి. తిండి ఆపే దోషం నా చేతిలో ఉంది కనుక దాన్ని రానివ్వను. బంధించిన దోషం మాత్రం తొట్టి ఉన్నంతకాలం ఉంటుంది, దానికి సమర్థన వెతకను. ఓటోసింక్లస్ అనే బుల్లి పాచి చేపలు చాలావరకు నదుల్లో పట్టి తెచ్చినవే. పాచి పట్టని కొత్త తొట్టిలో ఆకలితో చనిపోతాయి. వాటిని మా ఇంటికి తేనివ్వను.

మరి వదిలేస్తే పుణ్యం కదా అంటారు. కాదు. ఇలా బయటపడ్డ పెద్దరకం సక్కర్లే ఇవాళ మన కాలువల్లో, చేపల చెరువుల్లో దెయ్యం చేపలని పేరు తెచ్చుకున్నాయి. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడతాయి. ముళ్ళ రెక్కలతో వలలు చింపుతాయి. స్థానిక చేపల మేతకు పోటీ పడతాయి. వదిలినవాడికి పుణ్యం వచ్చిందనుకున్నా, ఆ ఖర్చు భరించేది జాలరి. వలలో పడ్డ చేపను విసుగుతో గట్టు మీద పారేస్తారు, అది అక్కడే ఎండి చస్తుంది. దయ అన్నది చేయి దులుపుకోవడంతో అయిపోదు.

కాబట్టి కొనబోయేవాళ్ళకు నా విన్నపం. ఆ చేప ఎంత పెరుగుతుందో ముందు అడగండి. మామూలు సక్కర్ 40 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, పదేళ్ళకు పైగా బతకగలదు. రెండడుగుల తొట్టికి అది వద్దు, 12 సెంటీమీటర్ల దగ్గర ఆగే కుచ్చుముక్కు రకం అడగండి. పెంచలేకపోతే దుకాణానికే తిరిగివ్వండి, కాలువలో వదలకండి. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ, రాత్రి మీరు విస్తరి ముందు కూర్చునేలోపే దాని కీరముక్క కోసి పక్కన పెట్టండి.