నీళ్ళ కింద ఎవరి ఊరు?



పోయిన చలికాలంలో కొత్తకోట నుండి కొన్ని కుటుంబాలను వెంటబెట్టుకొని నాగార్జునకొండ చూడబోయాను. లాంచీ జలాశయం నడుమకు చేరేసరికి గాలి ఉధృతంగా వీచసాగింది. పిల్లలు కేరింతలు కొడుతున్నారు. పెద్దలు జపమాలలు తీశారు. నాకేమో ప్రసంగం చెప్పే అలవాటు ఎక్కడికి పోతుంది?

క్రీ.శ. 3, 4 శతాబ్దాలలో ఇక్కడ ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేదని మొదలుపెట్టాను. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు ఆనకట్టకు శంకుస్థాపన చేశారనీ, నీళ్ళు రాకముందే 1954 నుండి 1960 వరకు లోయనంతా తవ్వారనీ, బయటపడిన కట్టడాలలో కొన్నింటిని కొండమీదికి చేర్చి తిరిగి నిలబెట్టారనీ, ఆ కొండే ఇప్పుడు ద్వీపమైందనీ చెప్పాను. మహాచైత్యానికి స్తంభాలు ఇచ్చిన వీరపురుషదత్త మహారాజు మేనత్త చాంతిసిరి పేరు నేటికీ రాతి మీద ఉన్నదని కూడ చెప్పాను.

మూలన కూర్చున్న ఒక అవ్వ అడిగింది: "గీ నీళ్ళ కింద ఎవల ఊరుండె, ఫాదర్?"

లోయలో పుల్లారెడ్డిగూడెం వంటి పల్లెలు ఉండేవని నేను చదివినదే. అవి నా ప్రసంగంలో లేవు.

ఆమెది కృష్ణ ఒడ్డున మునిగిన ఊరు. 1981లో శ్రీశైలం నీళ్ళు వచ్చినప్పుడు ఇల్లు విడిచి వచ్చింది. "మా ఆయన్ను పూడ్చిన జాగ గూడ గట్లనే పాయె" అన్నది. అప్పుడు నాకు గుర్తొచ్చింది. ప్రతి ఏటా నవంబరు 2న సమాధులను ఆశీర్వదించేటప్పుడు ఆమె కొవ్వొత్తి పట్టుకొని గేటు దగ్గరే నిలబడిపోతుంది. మోకాళ్ళ నొప్పి అనుకున్నాను! సెమినరీలో తత్త్వశాస్త్రం చదివి, కాలం అంటే ఏమిటని పేజీలకు పేజీలు రాసినవాణ్ణి. ఆ గేటు దాకా వెళ్ళి ఒక్కమాట అడగలేకపోయాను.

మార్కు సువార్త 12వ అధ్యాయం చివర పేద విధవరాలు కానుకపెట్టెలో రెండు చిన్న నాణెములు వేసింది. ప్రభువు శిష్యులను పిలిచి మరీ ఆమెను చూపించారు. 13వ అధ్యాయం మొదటి వచనంలోనే ఒక శిష్యుడు దేవాలయపు రాళ్ళు, కట్టడాలు చూడుమని ప్రభువుకే చూపిస్తున్నాడు. రెంటి నడుమ ఒక్క పుట తిరగలేదు. ఆ శిష్యుడు చెడ్డవాడేమీ కాదు. యాత్రకు వచ్చినవాడు, నావంటివాడు. రాళ్ళు గొప్పవే. చాంతిసిరి దానమూ గొప్పదే. వాటిని కాపాడినవారికి మనం ఋణపడి ఉన్నాము. అయితే చైత్యాలను మోసి కొండెక్కించిన చేతులకు పల్లెల సమాధులు కనిపించలేదు. నాకూ కనిపించలేదు.

ఈ నవంబరు 2న పూజ తరువాత బీచుపల్లి వంతెన దగ్గరకు వెళుతున్నాము. అక్కడి నీళ్ళే కిందికి శ్రీశైలం పోతాయి. మీ ఇంట ముంపు ఊళ్ళ నుండి వచ్చిన పెద్దలుంటే, ఆ ఊరి పేరు, అక్కడ పూడ్చిన వారి పేర్లు అడిగి కాగితం మీద రాసి తీసుకురండి. ఒడ్డున నిలబడి ఒక్కొక్కటిగా చదువుతాను. అవ్వ తన కాగితం అప్పుడే ఇచ్చింది.