తోబియా చేతిలోని మందు

తోబీతు గ్రంథం మన కతోలిక బైబులులో ఉంది కనుక ఈ సంగతి మీకు తెలిసిందే. కళ్లకు తెల్లని పొరలు కమ్మి తోబీతు చూపు పోగొట్టుకున్నాడు. వైద్యులు పూసిన మందులతో చూపు ఇంకా మందగించిందే గాని మెరుగుపడలేదు. చివరకు చేప పిత్తాన్ని ఆ కళ్లకు పూసింది ఎవరు? రఫాయేలు దూత పక్కనే ఉన్నాడు. అయినా కొడుకు తోబియా చేతనే పూయించాడు.

ఇప్పుడు శాస్త్రజ్ఞులు ఆ చేతితో రోజూ పని లేకుండా చేసే మందుల కోసం శ్రమిస్తున్నారు.

కంట్లో వేసిన చుక్కలో లోపలికి చేరేది మామూలుగా నూటికి అయిదు వంతులకన్నా తక్కువే. కొంత చెంప మీదికి కారిపోతుంది, కొంత ముక్కులోకి దిగిపోతుంది. గొంతులో చేదు తగిలేది అందుకే. మిగిలినదానిని కంటి ముందరి పొర అడ్డుకుంటుంది. దేవుడు పెట్టిన కాపలా అది. దుమ్మును ఆపినట్టే మందునూ ఆపుతుంది. ఆ కాపలా దాటడానికి దొరికిన ఉపాయాలలో నానో వైద్యం ఒకటి. నానోమీటరు అంటే మీటరులో వందకోట్లవ వంతు. ఆ కొలతలో ఉండే కొవ్వు బుడగలలోనో, పాలిమర్ రేణువులలోనో మందును పొదిగితే అది కంటిని అంటిపెట్టుకుని మెల్లమెల్లగా విడుదలవుతుంది. కళ్లు పొడిబారే జబ్బుకు ఇలాంటి సైక్లోస్పోరిన్ చుక్కలను అమెరికా 2018లో అనుమతించింది. నీటికాసులకు, అంటే గ్లకోమాకు, నెలల తరబడి పనిచేసే నానో మందులు మాత్రం ఇంకా చాలావరకు పరిశోధనశాలల్లోనే ఉన్నాయి.

నీటికాసులతో పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదానిని నిలుపుకోవడమే. చేతులు వణికే అవ్వ వేసుకుంటే చుక్క కంట్లో పడదు. కొడుకు పొలంలో, కోడలు పనుల్లో. సాధారణంగా నొప్పి ఉండదు కనుక ఎవరికీ కంగారు లేదు. "రేపు వేద్దాంలే" అంటుండగానే చూపు అంచులనుంచి తరిగిపోతుంది.

"మందే అంతా చేసుకుంటే ఇక మనకు సేవ ఎక్కడిది, ఫాదర్?" అని ఎవరైనా అడగవచ్చు. ప్రశ్న భక్తిగానే వినిపిస్తుంది. కాని ప్రేమించడమంటే ఎదుటివారి మేలు కోరడమని పునీత తోమాసు అక్వీనాసుగారు బోధించారు. నా పుణ్యం కోసం అమ్మకు ఇబ్బంది మిగలాలనుకుంటే నేను ప్రేమిస్తున్నది అమ్మను కాదు, నా పుణ్యాన్ని. పైగా తోబియా లేని ముసలివారి సంగతేమిటి? ఆ మందు ముందుగా అందవలసింది వారికి. కొత్త మందులు సాధారణంగా ముందు చేరేది డబ్బున్నవారి ఇంటికి. పేదలకు అందించడాన్ని దానం అంటుంటారు. నేను మాత్రం న్యాయం అంటాను.

అయినా చేయి తెచ్చేది మందు ఒక్కటే కాదు. చుక్కలు వేసేటప్పుడు గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తుతాం, కళ్లలోకి చూస్తాం. కొన్ని ఇళ్లలో రోజంతటికీ ముసలివారిని ఎవరైనా ముట్టుకునేది ఆ నిమిషమే. దానిని ఏ రేణువులో పొదుగుతారు? రేపు మందు ఆ చేతికి సెలవిస్తే, చేయి టీవీ రిమోటు వైపే పోతుందేమోనన్నది నా భయం.

అంతవరకు సీసాలే గతి. ఒక్క చుక్క చాలు. వేశాక కన్ను మూయించి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో ఒకటి రెండు నిమిషాలు మెల్లగా అదమండి, మందు ముక్కులోకి అంతగా జారదు. రెండు రకాల చుక్కలుంటే మధ్య అయిదు నిమిషాలు ఆగాలి. లేచి వెళ్లకుండా పక్కనే కూర్చోండి. మూత తీసిన తేదీ సీసా మీదే రాసిపెట్టండి. చాలా చుక్కల మందులు నాలుగు వారాలు దాటితే పారవేయవలసిందే.