జాలియు, పౌరధర్మమును

తరగతి నాయకుని ఎన్నిక జరుగుచున్నది. ఉపాధ్యాయుడు ఒక్కొక్క పేరు చదువగా పిల్లలు చేతులెత్తుచున్నారు. చూపులేని బాలుని చేతిని ప్రక్కనున్న మిత్రుడు పైకెత్తును. ఆ చేయి ఎవరికొరకు లేచినదో అందరికిని తెలియును. తక్కినవారి చేతులు ఎవరికొరకు లేచినవో ఆ బాలునికి మాత్రము తెలియదు. ఇది దయయా, అపచారమా?

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించి, అట్టి పిల్లలు తక్కినవారితో కలిసి చదువుకొనవలెనని నిర్దేశించినది. ప్రభుత్వ గుర్తింపు గల విద్యాలయములన్నియు, మఠములు నడపునవి సైతము, దీని పరిధిలోనివే. బడిలో చోటు దొరకినది సరే. బడి వ్యవహారములో పాలు దొరకినదా? నల్లబల్ల తుడుచుట, మొక్కలకు నీరు పోయుట మొదలగు వంతులనుండి "పాపము, వానికెందుకు" అని తప్పింతురు. ఆ మాటవెనుక మంచి మనసే ఉన్నది. కాని ఏ విధియు అప్పగింపబడని పిల్లవానికి హక్కు నడుగు ధైర్యము ఎక్కడినుండి వచ్చును? ప్రక్క పిల్లలు నేర్చుకొను పాఠము ఇంకను చెడ్డది.

ఈ విషయమున ఎన్నికల నియమములే బడికంటె ముందున్నవి. ఓటింగు యంత్రముపై బ్రెయిలీ అంకెలు కలవు. అంధత్వముచేత గాని అశక్తతచేత గాని గుర్తు పోల్చుకొనలేని, మీట నొక్కలేని ఓటరు 18 ఏండ్లు నిండిన తోడును తెచ్చుకొనవచ్చును. ఆ తోడు ఆనాడు మరియొకరికి తోడు కారాదు. రహస్యము కాపాడెదనని వ్రాసి యీయవలెను. సాయము పొందినంత మాత్రమున రహస్యము పోరాదని దీని భావము.

బుద్ధిమాంద్యము గల పిల్లకు రేపు ఓటెక్కడిదని పలువురు పెద్దలు తలంతురు. అది పొరపాటు. 1950 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టము ప్రకారము, మతిస్థిమితము లేదని అధికారము గల న్యాయస్థానము ప్రకటించిననే ఆ కారణముచే ఓటరుగా అనర్హత కలుగును. వైద్యుని చీటీ చాలదు. తల్లిదండ్రుల అభిప్రాయము అసలే చాలదు.

కావున తరగతి ఎన్నికనే మార్చవచ్చును. ఇద్దరు అభ్యర్థులైనచో ఒకరికి చింతగింజ, మరియొకరికి శనగగింజ. ప్రతి పిల్లకును రెండేసి గింజలీయవలెను. పిడికిట మూసి తెచ్చి, కోరినదానిని కుండలో, రెండవదానిని సంచిలో వేయుదురు. చూపులేని చేతికి గింజ తెలియును. చూచువారికి ఓటు తెలియదు. వినికిడి లేని పిల్లకొరకు ఏ గింజ ఎవరిదో నల్లబల్లపై వ్రాసిన చాలును. ఖర్చు దోసెడు గింజలు.

ఆ బాలుడే అభ్యర్థిగా నిలిచి ఓడిపోవచ్చును. అప్పుడు ఉపాధ్యాయుడు జాలిపడి లెక్క మార్చరాదు. మరుసటి ఏడు మరల నిలుచుటకు వానిని అడ్డగింపనురాదు.