ఓడే పక్షం

ఓడిపోతామని తెలిశాక కూడా నిలబడటం ధర్మమా, మొండితనమా? ఈ ప్రశ్న నాకు పురాణ కాలక్షేపంలో రాలేదు, సివిలైజేషన్ సిక్స్ అనే కంప్యూటర్ ఆట ఆడుతుంటే వచ్చింది. ప్లే బై క్లౌడ్ పద్ధతిలో ఆరుగురం ఆడుతున్నాం. ఒకరు తమ వంతు ముగిస్తే తర్వాతివాళ్లకు కబురు వెళ్తుంది, ఎవరి తీరిక వాళ్లది. నేను ఇబ్రహీంపట్నం థర్మల్‌లో నైట్ షిఫ్ట్ దిగి కొండపల్లి వచ్చి, స్నానం చేసి కూర్చుంటాను. డాలస్‌లో మా బావకు అది రాత్రి భోజనాల వేళ.

నా రాజ్యం చితికిపోయింది. సరిహద్దు ఊళ్లలో విధేయత నూరు నుంచి జారుతోంది. సున్నాకి చేరితే ఊరు తిరగబడి స్వతంత్రమైపోతుంది. గవర్నర్‌ను కూర్చోబెడితే వంతుకు ఎనిమిది పెరుగుతుంది కానీ, పక్కనున్న బావ మహానగరాల ఒత్తిడి ముందు ఆ ఎనిమిది ఎంత! ‘ఇంక లే బావా, కొత్త ఆట పెడదాం’ అంటాడు. లేవను. నేను లేస్తే నా కుర్చీలో కంప్యూటర్ కూర్చుంటుంది. నా సరిహద్దును నమ్ముకుని అటువైపు లెక్కలు వేసుకున్న మెల్‌బోర్న్ అమ్మాయి ఆట కూడా పాడవుతుంది.

ఇలాంటిచోట అందరూ గీత తెస్తారు, ఫలం సంగతి వదిలేసి పని చెయ్యమన్నాడు కదా అని. నాకు అది అతకదనిపిస్తుంది. పదకొండో అధ్యాయంలో కృష్ణుడు వీళ్లను నేను ముందే చంపేశాను, నువ్వు నిమిత్తమాత్రుడివి అంటాడు. గెలుపు ఖాయమైనవాడికి చెప్పిన మాట అది. ఓడే పక్షంవాడు చూడాల్సింది యుద్ధకాండ. నిద్ర లేపాక కుంభకర్ణుడు అన్నను తప్పుపట్టాడు, నీతి చెప్పాడు, ఆ తర్వాత ఆ అన్న కోసమే యుద్ధానికి వెళ్లాడు. విభీషణుడూ నీతే చెప్పాడు, వినకపోతే నలుగురు అనుచరులతో అవతలికి వెళ్లిపోయాడు. మనవాళ్లు ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అంటూ విభీషణుణ్ణి ఇప్పటికీ దెప్పుతారు. కుంభకర్ణుడి మీద మాత్రం లోలోపల ఒక మెత్తదనం. నాకూ ఉంది. కానీ ఆయన వెంట చచ్చిన రాక్షసులను ఎవరూ ఏమీ అడగలేదు.

మా ఊరి కొండమీది కోట చూసినప్పుడల్లా ఈ చివరి మాటే తడుతుంది. 1515లో కొండవీడు పడిపోయాక కృష్ణదేవరాయలు కృష్ణ దాటి ఇక్కడికి వచ్చాడు. అప్పటికి కోట గజపతులది, వాళ్ల రాజధాని ఎక్కడో కటకంలో. కోట మూడు నెలలు ఆగిందని, పడ్డాక గజపతి భార్యల్లో ఒకామె, ఒక కొడుకు, ఏడుగురు పెద్ద సేనానులు చిక్కారని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. తర్వాత సంధి కుదిరింది. ప్రతాపరుద్ర గజపతి కూతురు రాయలను పెళ్లాడింది, కృష్ణకు ఉత్తరాన గెలిచిన నేల గజపతికి తిరిగి వెళ్లింది. అంటే కొండపల్లి కూడా! మూడు నెలలు ప్రాణాలొడ్డినా దక్కని కోట పెళ్లితో వచ్చింది. కొన్నేళ్లకే కుతుబ్‌షాహీలు పట్టుకుపోయారు, అది వేరే సంగతి.

ఆ మూడు నెలలూ లోపల గింజలు కొలిచి పోసినవాళ్లు, చెరువులో నీళ్లు ఎన్నాళ్లొస్తాయో చూసుకున్నవాళ్లు ఉండి ఉంటారు. వాళ్లను ఎవరూ అడిగి ఉండరు. నా తెరమీద విలుకాడు పడిపోతే వాడికి ఇల్లూ లేదు, ఏడ్చే తల్లీ లేదు. నేను పట్టు వదలకపోతే ఖర్చయ్యేది నా నిద్ర. అందుకే ఆటలో లేవకపోవడం మర్యాద అంటాను, అదే పట్టుదల కోటలో ఉన్న దొర చూపిస్తే మెచ్చుకోలేను. తలుపు తీసినవాణ్ణి పిరికివాడనే ముందు లోపల ఎన్నాళ్ల తిండి మిగిలిందో అడుగుతాను. వీరగాథలు చెప్పేవాళ్లకు ఈ లెక్క రుచించదు.

ఆటలో కూడా సంధికి దారి ఉంది, ఊళ్లు ఇచ్చి శాంతి కొనుక్కోవచ్చు. మొన్న విధేయత పోతున్న రెండు ఊళ్లూ రాసిస్తానని బావకు కబురు పెట్టాను. ఒప్పుకోలేదు. అవి ఎలాగూ నావే అవుతాయి, రేవు ఉన్న మూడోది ఇవ్వు అన్నాడు. ఆ రేవులో నాకు మిగిలినవి రెండే పడవలు. ఇవ్వనన్నాను.