పాకమున త్వర దోషమా?

ధనుర్మాసమున 27వ నాడు, అనగా కూడారై పాశుర దినమున, శ్రీవైష్ణవ గృహములందు అక్కారవడిశల్ వండి స్వామికి ఆరగింపు చేయుట ఆచారము. నూరు గంగాళముల వెన్నయు, నూరు గంగాళముల అక్కారవడిశల్‌ను తిరుమాలిరుంజోలై స్వామికి సమర్పింతునని ఆండాళ్ నాచ్చియార్ తిరుమొళిలో మ్రొక్కుకొన్నది. ఆ మ్రొక్కును తరువాతి కాలమున భగవద్రామానుజులు చెల్లించిరనియు, అందులకే ఆ తల్లి వారిని "అన్నా" యని పిలిచినదనియు గురుపరంపర చెప్పుచున్నది. ఇంతటి చరిత్ర గల ప్రసాదము ఏటేట మన యిండ్లలో ఎన్ని గిన్నెలలో అడుగంటుచున్నదో!

ఇది వంట రానివారి పొరపాటు కాదు, వచ్చినవారికే జరుగును. తిరువారాధనకు వేళ మించిపోవుచున్నదను భయముతో పొయ్యి మంట పెంచుదురు. పాలు 100 డిగ్రీలకు రవంత పైన మరుగును. మరుగుట మొదలైన పిదప మంట ఎంత పెంచినను ఆ వేడి హెచ్చదు, మెతుకు ముందుగా ఉడుకదు. హెచ్చునది ఆవిరియు, అడుగున మాడును మాత్రమే. ఇంక బెల్లము సంగతి. గిన్నె దింపి వేడి కొంత తగ్గకముందే వేసినచో పాలు విరుగును. మెతుకు మెత్తబడకముందే వేసినచో ఆపైన అది సరిగా ఉడుకక పలుకుగా నిలిచిపోవును. కరగించి వడగట్టుటకు ఓపిక లేక గడ్డలే వేసినచో ఇసుక పంటికి తగులును. పాలకు, బెల్లమునకు, అగ్నికి తమ తమ కాలములు కలవు. మన గడియారము వాటికి పట్టదు.

గీత 17వ అధ్యాయమున, 10వ శ్లోకమున, తామసాహారమును చెప్పుచు భగవానుడు మొదట వాడిన మాట "యాతయామము". శంకరులు దీనికి సరిగా ఉడుకనిదని అర్థము చెప్పిరి. రామానుజులు చాలసేపు నిలువయున్నదని చెప్పిరి. ఒక్క మాటలో ఒకరు త్వరవలని దోషమును, మరియొకరు ఆలస్యమువలని దోషమును చూచిరన్నమాట. మనకు భాష్యకారుల అర్థమే ప్రమాణము, పదమునకు సహజమైన అర్థమును అదియే. అయినను వంటయింట నిలిచినవారిని అడిగినచో రెండును నిజమే యందురు. తొందర కూడదన్నంత మాత్రమున జాగు చేయుట మంచిదని కాదు గదా.

అయితే ఒక శంక కలదు. గజేంద్రుడు మొరపెట్టినపుడు స్వామి పరుగున వచ్చిన ఆ త్వరకే శ్రీరంగరాజస్తవమున పరాశరభట్టరు నమస్కరించిరి. ఆ ఘట్టమున పోతనగారి పద్యము రాని తెలుగువాడు అరుదు. స్వామి త్వర గుణమైనపుడు, ఆ స్వామికొరకే వండు ఇల్లాలి త్వర దోషమెట్లగును? ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. నాకు తోచినంతవరకు భేదము ఇది. ఆ త్వరలో స్వామికి కనబడినది ఆపదలోనున్న ఏనుగు ఒక్కటే. ఆయుధములు గాని, పరివారము గాని, చేత చిక్కియున్న లక్ష్మీదేవి కొంగు గాని ఆయనకు తోచలేదు. మన త్వరలో కనబడకపోవువాడు ఆరగించువాడే. పని ముగియుట ఒక్కటే కనబడును. విదురుని ఇల్లాలు పండు పారవేసి తొక్క అందించిన కథను కొందరు ఇచ్చట అడ్డము పెట్టుదురు. ఆమె మైమరచినది అతిథిని చూచి, వేళను చూచి కాదు.

మరి ఆ దోషము ఎవరిది? మాడిన గిన్నె కోడలి చేతిలో నుండును గనుక మాట ఆమెకే పడును. నాకు ఇది న్యాయముగా తోచదు. ముందునాడు తేవలసిన సరుకులు తెల్లవారుజామున తెచ్చినవారు, తమ స్నానము ఆలస్యము చేసికొని "ఇంకను కాలేదా?" యని మూడుసార్లు కేకవేసినవారు, వీరందరికిని ఆ మాడులో భాగము కలదు. కేక వేసినవాడు పాశురముల నడుమనే వేసినను సరే. నిప్పు దగ్గర నిలిచినవారిని తొందరపెట్టుట అపచారమే. ఆవిరి పోకముందే కుక్కరు మూత తీయబోయి, కాగిన నూనెలో తడిచేయి విదిల్చి కాల్చుకొన్న చేతులను చూచినవారెవరును దీనిని కాదనరు.

మాడినదానిని సమర్పింపవచ్చునా? ఆరగింపునకు ముందు రుచి చూచు వాడుక లేదు గనుక వాసనయే చెప్పవలెను. అడుగు గోకక, పైభాగమును మాత్రము మెల్లగా వేరొక గిన్నెలోనికి తీసినచో కొన్నిమార్లు దక్కును. మాడువాసన అంతటను వ్యాపించినచో దక్కదు. అట్టిదానిని పచ్చకర్పూరముతోను, ఏలకులతోను కప్పిపుచ్చి సమర్పించుట కొన్ని యిండ్ల అలవాటు. స్వామికి తెలియదని కాదు, ఇంటివారు ఏమందురో యని. పాపము, ఆ భయము పెట్టినవారిని కూడ తలచుకొనవలెను. పత్రమో పుష్పమో ఫలమో తోయమో చాలునని గీత 9వ అధ్యాయమున తానే చెప్పినవానికి, ఆ ప్రొద్దుటికి కాచిన పాలలో ఇంత కలకండ వేసి, తులసీదళముతో ఆరగింపు చేసినను లోటు లేదు. అక్కారవడిశల్ మధ్యాహ్న తళిగకు మరల వండవచ్చును. ఈ మారు గృహయజమాని గరిటె పట్టి పొయ్యి దగ్గర కూర్చున్నచో, పాలు ఇగురుటకు ఎంతసేపు పట్టునో ఆయనకును తెలియును.