దస్తార్ కట్టి బండెక్కిన సిక్ఖు

ఈ నాలుగు మాటలు పుదుచ్చేరి పట్నం నుంచి రాస్తున్నాను. ఇక్కడ సముద్రం ఒడ్డున గూబేర్ అవెన్యూ అని ఒక రోడ్డు ఉంది. జనం బీచ్ రోడ్డు అంటారు. సాయంత్రం 6 గంటలకు ఆ రోడ్డు మీదికి బండ్లు రాకుండా ఆపేస్తారు, మళ్లీ మర్నాడు ఉదయం 7.30కి వదులుతారు. ఆ వేళలో అక్కడికి వెళ్లి చూడండి. ముసలివాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని నెమ్మదిగా నడుస్తుంటారు. పిల్లలు తల్లి చెయ్యి వదిలించుకుని పరుగెడుతుంటారు. ఎవరి ముఖంలోనూ భయం కనబడదు. అదే మనుషులు ఊళ్లోకి వచ్చి ఇందిరాగాంధీ చౌరస్తా దగ్గర రోడ్డు దాటాలంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాలి. తేడా ఎక్కడుంది? బండ్లలో ఉంది. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ బండ్లు తోలే మనలో ఉంది.

ఇంకొకరి తప్పు చెప్పేముందు నా తప్పు చెప్పుకుంటాను. ఒక ఆదివారం పొద్దున సంగత్‌లో పాఠ్ చేయాల్సింది నేనే. లేవడం ఆలస్యమైంది. చుట్టూ తిరిగి వెళ్తే ఇంకో ఐదు నిమిషాలు పడుతుందని ఒక వన్‌వే వీధిలోకి ఎదురు దారిన బండి తిప్పాను. నోట్లో నిత్‌నేమ్ నడుస్తూనే ఉంది. మలుపులో సైకిల్ మీద పూలబుట్టతో ఒక పెద్దాయన ఎదురొచ్చారు. నేను తగల్లేదు గానీ, నన్ను తప్పించబోయి ఆయన పడిపోయారు. మోకాలు చీరుకుపోయింది. పూలన్నీ మురికి నీళ్ల పాలయ్యాయి. నేను లేపుతుంటే ఆయన తిట్టలేదు. నా పగడీ వైపు చూసి తమిళంలో ఒక్క మాట అన్నారు: “సింగ్ అయ్యా, మీరు కూడానా?”

ఆయనకు కట్టు కట్టించాను, పూల ఖరీదు ఇచ్చాను. ఆ మాటకు మాత్రం జవాబు చెప్పలేకపోయాను. నాలుక మీద గురువు నామం, చేతిలో ఎదుటివాడి దారి. నామ్ జప్‌నా అంటే అదేనా? ఇతరుల హక్కును లాక్కోవడం ఘోరమైన పాపమని మొదటి పాతషాహీ శ్రీ గురు నానక్ దేవ్ జీ బోధించారు. హక్కు అంటే డబ్బు, పొలం మాత్రమే అనుకుంటాం. ఆ వీధిలో ఆ పొద్దున దారి ఆయన హక్కు. దాన్ని నేను లాక్కున్నాను.

ఇప్పుడు పగడీ మాట. ఈ పట్నంలో హెల్మెట్ పెద్ద తగాదా అయింది. 2019 ఫిబ్రవరిలో అప్పటి లెఫ్టినెంట్ గవర్నర్ కిరణ్ బేడీ స్వయంగా రోడ్డు మీద నిలబడి హెల్మెట్ లేనివారిని ఆపారు. అప్పటి ముఖ్యమంత్రి నారాయణస్వామి ముందు జనానికి నచ్చజెప్పాలన్నారు. ఆ తగాదాలో మనం తలదూర్చనక్కర్లేదు. మన విషయం చట్టంలో స్పష్టంగా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను, పగడీ కట్టుకుని బండి మీద వెళ్లే సిక్ఖుకు హెల్మెట్ నుంచి మినహాయింపు ఇచ్చింది. ఇంగ్లండులో మన వాళ్లు ఏళ్ల తరబడి పోరాడి 1976లో ఇలాంటి మినహాయింపే సాధించుకున్నారు. ఇది చిన్న గౌరవం కాదు.

అయితే ఆ సెక్షను మళ్లీ చదవండి. పగడీ కట్టుకున్న సిక్ఖుకు అని ఉంది. పేరు చివర సింగ్ ఉన్నవాడికి అని లేదు. మన కుర్రాళ్లు కొందరు టోపీ పెట్టుకుని, లేదా రుమాలు చుట్టుకుని బండెక్కుతారు. పోలీసు ఆపితే మాత్రం “మేం సింగులం, మాకు హెల్మెట్ లేదు” అంటారు. వీర్ జీ, దస్తార్‌ను తల మీద పెట్టుకోకుండా చలానాకు అడ్డు పెట్టుకోవడం గురువును అగౌరవపరచడమే. పగడీ కట్టని పెద్దలకైనా, నాలుగేళ్లు దాటిన పిల్లలకైనా చట్టం హెల్మెట్ అడుగుతుంది. బీబీల విషయంలో ఏ రాష్ట్రంలో ఏ నియమం ఉందో అక్కడి సంగత్ పెద్దలతో కూర్చుని తెలుసుకోండి. నడిరోడ్డు మీద కానిస్టేబుల్‌తో గొడవ పడకండి.

ఇంకో మాట. పగడీ హెల్మెట్‌ను తీసేసింది గానీ, దెబ్బను తీసేయలేదు. కాబట్టి దస్తార్ కట్టినవాడు మిగతావాళ్ల కంటే నెమ్మదిగా వెళ్లాలి, మిగతావాళ్ల కంటే ముందుగా ఆగాలి. మనల్ని వందమందిలోనైనా గుర్తుపడతారు. ఒక్కడు సిగ్నల్ దాటేస్తే “ఆ సర్దార్ చూడు” అంటారు. ఆ మాట పంథ్ మొత్తానికి తగులుతుంది.

సాధ్ సంగత్ జీ, ఇనుము గురించి మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆయుధానికి మెరుగు పెట్టేవాడే సిక్లీగర్. గురు ఫౌజుకు ఆయుధాలు చేసి, సానబట్టి ఇచ్చిన వంశం మనది. పదునుపెట్టిన కత్తిని ఒరలో పెట్టకుండా ఎవరి చేతికీ ఇవ్వం. పసివాడి చేతికి అసలే ఇవ్వం. మరి బండి కూడా ఇనుమే కదా. ఊరందరికీ తాళంచెవులు చేసి ఇచ్చే మన చేతులే పద్నాలుగేళ్ల పిల్లవాడికి బండి తాళంచెవి ఎలా ఇస్తున్నాయి? 2019లో చట్టం మార్చారు. మైనరు బండి తోలి నేరం చేస్తే తండ్రికో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. జరిమానా కట్టి తేరుకోవచ్చు. వాడి బండి కింద ఒక ప్రాణం పోతే ఏ ధరతో తేరుకుంటాం?

మన సరుకు సంగతీ అంతే. కొడవళ్లు, కత్తిపీటలు, ఇనుప చువ్వలు మోపెడ్ వెనక కట్టుకుని సంతలకు తిరుగుతాం. మొనలు బయటికి పొడుచుకుని ఉంటాయి. పక్కనుంచి వెళ్లే సైకిలువాడి మోచేతికి, వెనక ఆగిన బండి మీది పిల్ల కంటికి అవి తగలవా? మొనలు లోపలికి తిప్పి గోనెపట్టా చుట్టి బిగించి కట్టండి. అయిదు నిమిషాల పని. కిరత్ కర్‌నా అంటే కష్టపడి సంపాదించడం ఒక్కటే కాదు, ఆ కష్టం ఇంకొకరికి గాయం కాకుండా చూసుకోవడం కూడా.

మద్యం మాట చెప్పకుండా ఉండలేను. పక్క రాష్ట్రం కంటే ఇక్కడ మందు చవకని దూరం నుంచి జనం వస్తారు. మన వాళ్లలోనూ కొందరు ఆ దారి పట్టారు. తాగినవాడికి తన పర తెలియదని మూడవ పాతషాహీ శ్రీ గురు అమర్‌దాస్ జీ హెచ్చరించారు. రోడ్డు మీద ఆ మాట ఎంత నిజమో చెప్పనక్కర్లేదు. సిక్ఖుకు మత్తు ఎలాగూ నిషిద్ధమే. ఇంట్లో ఎవరైనా తాగి వస్తే ఆ రాత్రి తాళంచెవి తీసి దాచండి. అదే సేవ.

అదే గురువు దర్శనానికి అక్బర్ పాదుషా గోయింద్‌వాల్ వచ్చినప్పుడు, ముందు పంగత్‌లో కూర్చుని లంగర్ ఛకాడని మన సాఖీ చెబుతుంది. పాదుషా కూడా వరుస తప్పలేదు. ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగే జనం కూడా ఒక పంగతే. అక్కడ కారువాడు, కూలివాడు, మనం అందరం సమానం. హారన్ కొట్టి ముందుకు తోసుకుపోయేవాడు లంగర్‌లో పక్కవాడి పళ్లెం లాగినట్టే.

చివరగా భాయీ కన్హయ్యా జీని తలుచుకుందాం. ఆనంద్‌పూర్ సాహిబ్ యుద్ధంలో ఆయన తన వాళ్లకీ, శత్రువులకీ కూడా నీళ్లు తాగించారు. ఫిర్యాదు వెళ్తే దశమ పాతషాహీ కోప్పడలేదు, గాయాలకు మందు కూడా చేతికిచ్చి పంపారు. 2015లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో బడికి వెళ్తున్న ఒక పిల్లవాడిని కారు కొట్టింది. ఇంట్లో ఉన్న ఒక సిక్ఖు విద్యార్థి పరుగున వచ్చి తన దస్తార్ విప్పి ఆ పిల్లవాడి తల కింద పెట్టాడు. మనం ఇంత గౌరవించే దస్తార్ ఎవరి కోసమో ఆ కుర్రవాడికి తెలుసు.

మన వాళ్లు పోలీసు కేసుకు భయపడి, ప్రమాదం చూసీ చూడనట్టు వెళ్లిపోతారు. పాత రోజుల్లో ఏ నేరం జరిగినా మన డేరాల మీద పడేవారు కాబట్టి ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఇప్పుడు చట్టంలో 134ఏ సెక్షను ఉంది. మంచి మనసుతో సాయం చేసినవాడి మీద కేసు ఉండదు. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. మొదటి గంటలో వైద్యం అందితే ప్రాణం నిలిచే అవకాశం ఎక్కువ. 108కి ఫోను చేయండి, అంబులెన్సు వచ్చేదాకా పక్కన కూర్చోండి.

ఈ రోజు రెహరాస్ అయ్యాక ప్రతి ఇంట్లో కుటుంబమంతా కూర్చుని ఇవి ఒప్పుకోండి:

1. లైసెన్సు లేని పిల్లల చేతికి తాళంచెవి ఇవ్వం.
2. బండి మీద ఇద్దరికి మించి ఎక్కం. ఫోను మాట్లాడుతూ తోలం.
3. ఎంత ఆలస్యమైనా, గురుద్వారాకు వెళ్లేటప్పుడైనా సరే, ఎదురు దారిన వెళ్లం.
4. సరుకు మొనలు బయటికి ఉంచం.
5. పడిపోయినవాడిని వదిలి వెళ్లం.

మనం రోజూ అర్దాస్‌లో సర్బత్ దా భలా కోరుకుంటాం. సర్బత్ అంటే అందరూ. ఎదురుగా సైకిల్ మీద వచ్చే ఆ పూల పెద్దాయన కూడా. అర్దాస్ ముగించి బయటికొచ్చి బండి స్టార్టు చేసిన మరుక్షణం ఆ కోరిక నిజమో కాదో తేలిపోతుంది.

రాసినదాంట్లో తప్పులుంటే గురువు, సంగత్ క్షమించాలి.

వాహెగురు జీ కా ఖాల్సా, వాహెగురు జీ కీ ఫతెహ్!