పసిబిడ్డ పొత్తిగుడ్డలు - పరుల హక్కులు

ఇంట్లో బిడ్డ పుట్టగానే ఇమాము గారి దగ్గరకు కొన్ని ప్రశ్నలు వస్తాయి. చెవిలో అజాన్ ఎవరు ఇవ్వాలి, అఖీఖా ఏడో రోజే చేయాలా, పేరు ఏది బాగుంటుంది - వీటికి జవాబులు అందరికీ తెలిసినవే. ఈమధ్య వీటి సరసన మరికొన్ని చేరాయి. బిడ్డకు గుడ్డలు కట్టాలా, డైపర్లు తొడగాలా? డైపరుతో ఉన్న బిడ్డను ఎత్తుకుని నమాజు చేయవచ్చా? రోజుకు అన్నేసి కొని పారేయడం దుబారా కిందికి రాదా? అడిగేవారు దాదాపు అందరూ తల్లులే. తండ్రులు అడగగా మేము విన్నది చాలా తక్కువ. ఆ సంగతికి తర్వాత వస్తాం.

ఇది ధార్మిక పత్రికలో రాయదగిన విషయమేనా అని కొందరికి అనిపించవచ్చు. మన ఫిఖా గ్రంథాలు తెరిస్తే మొట్టమొదటి అధ్యాయమే తహారత్ (పరిశుభ్రత). పసిబిడ్డ మూత్రం బట్టలకు తగిలితే ఏం చేయాలన్న దానిపై మహామహా ఇమాములు లోతుగా చర్చించారు. వారికి లేని బిడియం మనకెందుకు?

ముందు నమాజు సంగతి చూద్దాం. హజ్రత్ ఉమ్మె ఖైస్ (ర) ఇంకా అన్నం ముట్టని తన కొడుకును తీసుకురాగా, ఆ పసివాడు దైవప్రవక్త (స) వారి ఒడిలోనే మూత్రం పోశాడు. ఆయన విసుక్కోలేదు. నీళ్ళు తెప్పించి ఆ చోట చల్లారు. ఈ ఉల్లేఖనం ఆధారంగా షాఫయీ, హంబలీ పండితులు, పాలు మాత్రమే తాగే మగబిడ్డ మూత్రమైతే నీళ్ళు చల్లితే చాలని, ఆడబిడ్డదైతే కడగాలని అన్నారు. హనఫీ, మాలికీ పండితులు మాత్రం ఎవరిదైనా కడగాల్సిందే అన్నారు. హదీసులో వచ్చిన 'నద్‌హ్' అనే పదానికి తేలికగా కడగడం అనే అర్థం కూడా ఉందని హనఫీల వాదన. మన తెలుగు ప్రాంతాల్లో అత్యధికులు హనఫీలు. హైదరాబాదులో బార్కస్ అరబ్బు కుటుంబాల వంటి చోట్ల షాఫయీలు ఉన్నారు. ఎవరి మార్గం వారిది. ఒకరినొకరు తప్పుపట్టుకోవలసిన పని లేదు.

ఇక ఎత్తుకోవడం. దైవప్రవక్త (స) తమ మనుమరాలు ఉమామాను ఎత్తుకుని నమాజు చేయించారనీ, సజ్దాకు వెళ్ళేటప్పుడు దించి, లేచేటప్పుడు మళ్ళీ ఎత్తుకునేవారనీ హజ్రత్ అబూ ఖతాదా (ర) తెలిపారు. కనుక పసిబిడ్డ శరీరం, బట్టలు శుభ్రంగా ఉన్నాయనే అనుకోవాలి. మురికి ఉందని తెలిసేదాకా అనుమానపడనక్కర్లేదు. ఉందని తెలిసిన తర్వాత మాత్రం, నిండిన డైపరుతో ఉన్న బిడ్డను చంకనెత్తుకుని నమాజుకు నిలబడకూడదు. మురికి పైకి కనిపించకపోయినా, ప్లాస్టిక్ పొరలో భద్రంగా ఉన్నా, దాన్ని మోస్తున్నట్టే లెక్క. మార్చి ఎత్తుకోండి, లేదా పక్కన పడుకోబెట్టండి. గుడ్డ మార్చినంత మాత్రాన హనఫీల ప్రకారం వుజూ పోదు, చేతులు కడుక్కుంటే చాలు. షాఫయీ సోదరీమణులు మాత్రం, అరచేయి బిడ్డ మర్మావయవానికి తగిలితే వుజూ మళ్ళీ చేసుకోవాలని గుర్తుంచుకోవాలి.

గుడ్డలు ఉతకడం గురించి తల్లులు పడే ఆందోళనలో సగం అనవసరమైనది. మలం ఉంటే ముందు దాన్ని తొలగించాలి. బాగా కడిగాక కూడా మరక మిగిలితే, అది పోవడం కష్టమైతే, ఆ మరకకు మన్నింపు ఉంది. మూత్రపు గుడ్డను మూడుసార్లు కడిగి, ప్రతిసారీ పిండాలి. నల్లా కింద పట్టి, మురికి పోయిందని మనసుకు నమ్మకం కలిగేదాకా నీళ్ళు ధారగా పోనిచ్చినా సరిపోతుంది. చేయకూడనిది ఒకటే. మురికి గుడ్డను అలాగే తీసుకెళ్ళి ఇంటిల్లిపాది బట్టలతో కలిపి బకెట్లో నానబెడితే అన్నిటికీ ఆ నజాసత్ అంటుతుంది. వాషింగ్ మెషీన్ ఉన్నవారు కూడా ముందు విడిగా జాడించి, ఆ తర్వాతే వేయాలి.

ఇంతవరకూ ఫిఖా. దీన్నిబట్టి చూస్తే గుడ్డా ధర్మసమ్మతమే, డైపరూ ధర్మసమ్మతమే. రెండూ ముబాహ్ (అనుమతించబడినవి). కాని ముబాహ్ అన్న మాట దగ్గర చర్చ ముగించేవారితో మేము ఏకీభవించలేం. ఒక వస్తువు వాడకం అనుమతించబడినదైనా, దాన్ని వాడే తీరులో ఇతరుల హక్కులు, అంటే హుఖూఖుల్ ఇబాద్ దెబ్బతినవచ్చు. ఈ విషయంలో జరుగుతున్నది అదే.

ఉర్దూలో పొత్తిగుడ్డలను 'పోత్‌డే' అంటారు. తెలుగు పొత్తికీ ఉర్దూ పోత్‌డేకూ చుట్టరికం ఉందో లేదో భాషావేత్తలు చెప్పాలి. పుట్టుకతోనే సంపన్నుడైనవాణ్ణి 'పోత్‌డోం కా రయీస్' అంటారు, అంటే పొత్తిగుడ్డలనాటి నుంచే ధనవంతుడని. ఆ మాట పుట్టిన కాలంలో ధనవంతుల ఇంటి పొత్తిగుడ్డ మెత్తనిది, పేదవారి ఇంట అది నాన్నమ్మ పాత చీర, తాతయ్య చిరిగిన లుంగీ. ఇద్దరి గుడ్డలూ ఉతికి ఆరేసినవే. 1961లో అమెరికాలో పాంపర్స్ అమ్మకానికి వచ్చాక మొదలైన అలవాటు మన దాకా రావడానికి ఎన్నో ఏళ్ళు పట్టింది. వచ్చాక ఎంతగా పాతుకుందంటే, హైదరాబాదులో ఏ కంపెనీ డైపరైనా 'పాంపర్స్' అనే అడుగుతారు.

లోపల ఏముందో కూడా తెలుసుకోవాలి. ఒంటికి తగిలే పొర పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. మధ్యలో కలప గుజ్జు, దానిలో తన బరువుకు ఎన్నో రెట్లు తడిని పీల్చి జిగురుగా మార్చే సోడియం పాలీఆక్రిలేట్ అనే పొడి. బయట నీరు దిగని పాలిథీన్ పొర. ఇన్ని పొరలు ఇలా కలిసిపోయాక దేన్నీ విడదీసి తిరిగి వాడుకోవడం మన ఊళ్ళలో జరిగే పని కాదు. పుట్టిన కొత్తలో రోజుకు ఎనిమిది పది సార్లు మార్చాలి. ఒక్కొక్కటి పది రూపాయలు అనుకున్నా, ఎనిమిదికి 80 రూపాయలు, నెలకు 2,400. ఆటో నడిపే తండ్రికి ఇది చిన్న మొత్తం కాదు.

అయితే గుడ్డ వాడితే పుణ్యం, డైపరు వాడితే పాపం అని తేల్చేయడానికీ వీల్లేదు. బ్రిటన్‌లో ఈ రెండింటి పర్యావరణ భారాన్ని లెక్కగట్టారు. 2008 నాటి లెక్కలో, ఒక బిడ్డకు రెండున్నరేళ్ళ పాటు పారేసే డైపర్లు వాడితే సుమారు 550 కిలోల కార్బన్ భారం, గుడ్డలైతే సగటున 570 కిలోలు తేలింది. అంటే దాదాపు సమానం! 2023లో వెలువడిన కొత్త లెక్కలో గుడ్డల భారం సుమారు 25 శాతం తక్కువని వచ్చింది. గుడ్డల భారమంతా ఉతికే తీరులో ఉందని తేలింది. బాగా వేడినీళ్ళు, కరెంటుతో ఆరబెట్టే యంత్రాలు వాడితే అది పెరుగుతుంది. బయట తీగమీద ఆరేసి, అవే గుడ్డలు రెండో బిడ్డకూ వాడితే బాగా తగ్గుతుంది. మన దగ్గర ఆరబెట్టే పని ఎండ చూసుకుంటుంది. తమ్ముడికి అన్న గుడ్డలు కట్టడం మన ఇళ్ళలో ఎవరూ నేర్పనక్కర్లేని పద్ధతి. కాబట్టి ఈ విషయంలో మనవైపు తూకం గుడ్డలకే మొగ్గుతుంది. నీటి కొరత ఉన్న బస్తీల్లో, రోజు మార్చి రోజు నల్లా వచ్చే చోట, ట్యాంకరు కోసం ఎదురుచూసే వేసవిలో ఆ తూకం మారుతుంది. ఒక ముద్ద్ నీళ్ళతో, అంటే లీటరుకు అటూ ఇటూగా, వుజూ చేసుకున్న ప్రవక్త (స) అనుచరులం. నీళ్ళను లెక్కలోంచి తీసేయలేం.

మా దృష్టిలో అసలు ప్రశ్న, బిడ్డ మురికి చివరికి ఎవరి చేతుల్లోకి వెళుతోంది అన్నది.

డైపరు తొడిగిన ఇంట్లో ఉతుకుడు లేదు. చుట్టి పారేస్తే అయిపోయింది. మనకు అయిపోయింది, నిజమే. ఖాళీ ప్లాటులోకో, నాలాలోకో విసిరేసినది కుక్కలు పీకి వీధిన వేస్తాయి. నాలాలో పడినది నీటికి అడ్డుపడి, వానాకాలంలో ఆ మురుగు పేదవాడి గుమ్మంలోకి వస్తుంది. దారిలోనూ, జనం సేదదీరే నీడలోనూ మలవిసర్జన చేసేవారు ప్రజల శాపానికి గురవుతారని దైవప్రవక్త (స) హెచ్చరించారు. పెద్దవాడు స్వయంగా చేస్తే శాపం తగిలే పని, బిడ్డది ప్లాస్టిక్‌లో చుట్టి అదే దారిలో వేస్తే ఎలా ధర్మసమ్మతం అవుతుంది? దారి నుంచి బాధించే వస్తువును తొలగించడాన్ని విశ్వాసంలో ఒక భాగంగా చెప్పిన ధర్మం మనది.

చెత్తబుట్టలో వేసేవారు కూడా ఒక్క క్షణం ఆలోచించాలి. చెత్తబండి దగ్గర, డంపింగ్ యార్డు దగ్గర, కూరగాయల తొక్కలకూ పాల ప్యాకెట్లకూ మధ్య ఆ డైపరును చేత్తో తీసి పక్కన పెట్టేది ఒక మనిషి. చాలాచోట్ల ఆ చేతికి గ్లవ్స్ కూడా ఉండవు. మనిషి మలాన్ని మనిషి చేత ఎత్తించడాన్ని నిషేధించే చట్టం 2013లో మరింత కఠినంగా వచ్చింది. డైపరు ఆ చట్టం అక్షరాల్లోకి వస్తుందా అన్నది వకీళ్ళ పని. అల్లాహ్ సన్నిధిలో మన లెక్క అక్షరాలతో ముగియదు. ఆ పనిలో ఉన్నవారు తరతరాలుగా ఈ సమాజం అంటరానివారిగా చూసిన కులాలవారే ఎక్కువ. మస్జిదులో అందరం ఒకే వరుసలో నిలబడతామని గర్వంగా చెప్పుకునే మనం, మన బిడ్డ మలాన్ని వారి అరచేతిలో పెట్టి తలుపు వేసుకోవడం తగునా?

చేయవలసింది పెద్ద కష్టమేమీ కాదు. డైపరులోని మలాన్ని ముందు మరుగుదొడ్డిలో వేసి నీళ్ళు పోయాలి. తర్వాత గట్టిగా చుట్టి, కాగితంలో పెట్టి, తడిచెత్తలో కలపకుండా విడిగా ఇవ్వాలి. చుట్టి ఇవ్వాలని 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలే చెప్పాయి. చుట్టడానికి సంచులు ఇవ్వాలని తయారీదారులకు కూడా చెప్పాయి. కాగితం మీద ఒక చిన్న గుర్తు పెడితే ఎత్తే మనిషి విప్పి చూడనక్కర్లేదు.

ఇప్పుడు గుడ్డలు వాడే ఇంటికి వద్దాం. అక్కడ మురికి వీధిలోకి రాదు, నిజమే. ఎవరి చేతుల్లో ఉంది? కాన్పయి చిల్లా కూడా పూర్తికాని తల్లి చేతుల్లో. నిఫాస్‌లో ఉన్న ఆమెకు నమాజు నుంచే మినహాయింపు ఇచ్చాడు అల్లాహ్. మనం మాత్రం చల్లనీళ్ళలో చేతులు పెట్టించి ఇరవై గుడ్డలు ఉతికిస్తాం. ఆమె నడుము నొప్పి అంటే, 'మేము పిల్లల్ని కనలేదా' అని అత్తగారు అంటారు. "డైపర్లు దుబారా, మా అమ్మ గుడ్డలతోనే పెంచింది" అని ఆ ఇంటి అబ్బాయి గారు సెలవిస్తారు. ఆయన గుడ్డ ముట్టుకోరు, డైపరుకు డబ్బులూ ఇవ్వరు. ఈ ప్రశ్న తండ్రులు మమ్మల్ని ఎందుకు అడగరో పాఠకులకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

పాలిచ్చే తల్లి పోషణ, వస్త్రాల బాధ్యతను తండ్రిపై పెట్టిన చోటే, బిడ్డ పేరుతో తల్లికి గానీ తండ్రికి గానీ నష్టం కలిగించవద్దని దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలో ఆదేశించింది. ఇంట్లో ఉన్నప్పుడు దైవప్రవక్త (స) ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి సేవలో ఉండేవారని, అజాన్ వినగానే నమాజుకు వెళ్ళేవారని హజ్రత్ ఆయిషా (ర) చెప్పారు. తన బిడ్డ గుడ్డను జాడించడం మగతనానికి తక్కువ అనుకునేవారు ఆ మాటను మరోసారి చదువుకోవాలి. పొదుపు గురించి మాట్లాడే హక్కు, ఆ పొదుపు భారంలో పాలుపంచుకునే తండ్రికే ఉంటుందని మా అభిప్రాయం. అతను ఉతకలేకపోతే, స్థోమత ఉంటే, ఆ నలభై రోజులూ డైపర్లకు ఖర్చు చేయడం దుబారా అనిపించుకోదు. అది నఫఖా (పోషణ ఖర్చు)లో చేరుతుంది.

చాలా కుటుంబాలకు మేము చెప్పే సలహా, పగలు ఇంట్లో గుడ్డలు, రాత్రికీ ప్రయాణానికీ ముసురు పట్టిన రోజులకూ డైపరు. ఉద్యోగానికి వెళ్ళే తల్లినో, ఒంటరిగా బిడ్డను పెంచుకునే సోదరినో, పగలంతా డైపరు వాడినందుకు ఎవరూ ఆక్షేపించకూడదు. అల్లాహ్ దాసులకు సౌలభ్యాన్నే కోరాడు. ఏది కట్టినా గంటల తరబడి తడిలో ఉంచితే బిడ్డ తొడలు ఒరుసుకుపోయి ఎర్రబడతాయి. డైపరు బయటికి పొడిగా కనిపిస్తుంది కనుక ఈ నిర్లక్ష్యం దానితోనే ఎక్కువ. ఖరీదైనది కదా, ఇంకాసేపు ఉంచుదాం అనే పొదుపు బిడ్డ హక్కును కాజేయడమే.

పనిమనిషి ఉన్న ఇళ్ళవారికి ఒక మాట చెప్పాలి. కూలి ఒప్పందంలో పని ఏమిటో, కూలి ఎంతో ముందే స్పష్టంగా ఉండాలన్నది ఇజారా (కూలి, కిరాయి) నియమాలలో మౌలికమైనది. 'బట్టలు ఉతకాలి' అని మాట్లాడుకుని, బిడ్డ పుట్టగానే రోజూ బకెట్ నిండా పొత్తిగుడ్డలు కూడా అందులో వేసేస్తే, అది మాట్లాడుకోని పని. ముందుగా ఆమెను అడగాలి. ఆమె ఒప్పుకుంటే మలం మనమే తొలగించి, సబ్బు, గ్లవ్స్ ఇచ్చి, ఆ పనికి వేరుగా జీతం కట్టాలి. ఆమె వద్దంటే, పాత పనికి పాత జీతమే ఇస్తూ, ఆ గుడ్డలు ఇంట్లోవాళ్ళే వంతులవారీగా ఉతుక్కోవాలి.